నాన్న నెగెటివ్‌లు, నా కాపీ స్టాండు: పెరంబూరు మిద్దె గది డైరీ

జూన్ 7, శనివారం

ట్రంకు పెట్టె మూత ఎత్తగానే పుల్లటి వాసన గుప్పుమంది. ఊరగాయ జాడీ వాసన కాదు, అచ్చంగా వెనిగర్ వాసన. పక్కన నిలబడ్డ నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పాడైపోతున్నాయమ్మా" అన్నాడు.

నాన్న సూళ్లూరుపేటలో పాతికేళ్ళకు పైగా స్టూడియో నడిపాడు. పెళ్ళిళ్ళు, బారసాలలు, స్కూలు గ్రూపు ఫోటోలు, రేషన్ కార్డు ఫోటోలు. కెమెరా యాషికా మ్యాట్ 124 జి. పొట్ట దగ్గర పట్టుకుని పైనుంచి కిందికి చూసే రకం. 120 రోలు వేస్తే 12 బొమ్మలు వచ్చేవి. ఫిల్ము కోసం మద్రాసు వచ్చేవాడు. ఊటీలో హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళు చేసే 'ఇందు' దొరికితే అది, లేకపోతే తూర్పు జర్మనీ నుంచి వచ్చే 'ఓర్వో'. స్టూడియో మూసేశాక పెట్టె మాత్రం మాతో పాటు చెన్నైలోని పెరంబూరు వచ్చింది. ఇవాళ లెక్కపెడితే 118 రోళ్ళు తేలాయి. అంటే దాదాపు 1400 బొమ్మలు.

ఆ వాసనకు కారణం ఫిల్ము పట్టీయే. అది సెల్యులోజ్ అసిటేట్. వేడికీ తేమకీ ఏళ్ళ తరబడి నానితే అందులోంచి అసిటిక్ ఆమ్లం బయటికొస్తుంది. ఆ ఆమ్లమే మిగతా ఫిల్మును ఇంకా తొందరగా చెడగొడుతుంది. పాలలో తోడు వేసినట్టే, ఒకసారి మొదలయ్యాక ఆగదు. పక్కనున్న మంచి రోలుకు కూడా అంటుకుంటుంది.

స్కాన్ చేసిపెట్టే చోట అడిగితే ఒక్కో బొమ్మకు 40 రూపాయలు చెప్పారు. 1400 బొమ్మలకు 56 వేలు. అంత నా దగ్గర లేదు. కెమెరా మాత్రం ఉంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్న 24 మెగాపిక్సెల్ డీఎస్ఎల్ఆర్. దానికి ఎపర్చర్ (వెలుతురు వెళ్ళే రంధ్రం) మార్చే రింగు ఉన్న పాత 50 మి.మీ. మాన్యువల్ లెన్సు కూడా ఉంది. కింద వెలుతురు పలక, దాని మీద నెగెటివ్, పైన నిటారుగా కిందికి చూస్తూ కెమెరా. ఆ కెమెరాను కదలకుండా పట్టుకునే స్టాండు ఒక్కటి చేసుకుంటే ఈ పని ఇంట్లోనే అవుతుంది. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు వచ్చి ఊరంతా చెమ్మ పట్టేలోపు సగమైనా పూర్తి కావాలి.

జూన్ 8, ఆదివారం

పొద్దున్నంతా లెక్కలే. సామాను కొన్నాక లెక్క తప్పిందని తెలిస్తే డబ్బు పోతుంది, అందుకే ముందు కాగితం.

నెగెటివ్ మీద బొమ్మ కొలిచాను: 56 మి.మీ. చదరం. నా కెమెరా సెన్సరు (లోపల బొమ్మ పడే పలక) 23.5 మి.మీ. పొడవు, 15.6 మి.మీ. వెడల్పు. చదరపు బొమ్మ ఆ 15.6లో పట్టాలి. 15.6ని 56తో భాగిస్తే 0.28. అంటే బొమ్మను సెన్సరు మీద 0.28 వంతుకు దింపాలి. 50 మి.మీ. లెన్సుకి దానికోసం 14 మి.మీ. ముందుకు జరగడం కావాలి (50ని 0.28తో గుణిస్తే వచ్చేది అదే). లెన్సు ఫోకస్ రింగు తిప్పితే ఏడున్నర దాకా జరుగుతుంది. మిగతాదానికి లెన్సుకీ కెమెరాకీ మధ్య 10 మి.మీ. గొట్టం ఒకటి పెడితే చాలు, కాస్త వెసులుబాటు కూడా మిగులుతుంది.

అప్పుడు లెన్సుకీ నెగెటివ్‌కీ మధ్య దూరం దాదాపు 23 సెం.మీ. ఇదే స్టాండు మీద ఎ4 కాగితాలు కూడా తీయాలంటే గొట్టం లేకుండా 72 సెం.మీ. ఎత్తు కావాలి. నాన్న స్టూడియో రిజిస్టర్లు కూడా ఉన్నాయి కాబట్టి మూడడుగుల కడ్డీ ఖాయం చేశాను.

ఇంకో లెక్క చూసి తృప్తిగా అనిపించింది. బొమ్మ ఎత్తు 4000 పిక్సెల్స్. అంగుళానికి 300 చొప్పున ప్రింటు తీస్తే 13 అంగుళాల చదరం. నాన్న స్టూడియోలో గోడకు తగిలించిన పెద్ద ఫోటోలు కూడా 12 అంగుళాలే.

జూన్ 15, ఆదివారం

స్టాండు కంటే ముందు దాన్ని చేయడానికి పనిముట్లు కావాలి. నా దగ్గర ఉన్నవి ఒక డ్రిల్ మెషీను, ఒక రంపం, సుత్తి, స్టీలు స్కేలు. మూలమట్టం (మూల సరిగ్గా 90 డిగ్రీలుందో చూసే పనిముట్టు) లేదు. మూలమట్టం లేకుండా కడ్డీ నిటారుగా నిలబడదు.

పక్కింటి బాబాయి ఇక్కడి రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. చిత్తూరు వైపు వాళ్ళు. నేను కొత్త మూలమట్టం ఎక్కడ కొనాలో అడుగుదామని వెళ్ళాను. "కొనేదెందుకు? చేసుకో. చేశాక అది నిజం చెప్తోందో అబద్ధం చెప్తోందో చూసుకో" అన్నారు. పరీక్ష కూడా ఆయనే చూపించారు.

12 మి.మీ. ప్లైవుడ్ ముక్కకు అంచు నున్నగా చేసి, దానికి స్టీలు స్కేలును రెండు స్క్రూలతో బిగించాను. ఒక స్క్రూ రంధ్రాన్ని కొంచెం వదులుగా ఉంచాను, తర్వాత జరుపుకోవడానికి. ఇప్పుడు అంచు తిన్నగా ఉన్న పలక మీద దీన్ని ఆనించి స్కేలు వెంబడి ఒక గీత గీయాలి. తర్వాత మూలమట్టాన్ని బోర్లా తిప్పి, అదే అంచుకు రెండో పక్క నుంచి ఆనించి, అదే చుక్క నుంచి ఇంకో గీత గీయాలి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే మూల సరిగ్గా 90 డిగ్రీలు. విడిపోతే, ఆ విడిపోయిన దూరం అసలు తప్పుకు రెండింతలు. తప్పు రెండింతలై కనబడుతుంది కాబట్టి చిన్న తేడా కూడా కంటికి ఆనుతుంది.

నాది 20 సెం.మీ. దగ్గర 2 మి.మీ. విడిపోయింది. అంటే 1 మి.మీ. తప్పు. స్క్రూ వదులు చేసి, సుత్తి పిడితో ఒక్క తట్టు తట్టి, మళ్ళీ గీశాను. నాలుగోసారికి రెండు గీతలు ఒక్క గీతయ్యాయి. ఇంకెవరి మూలమట్టంతోనూ పోల్చలేదు, పోల్చాల్సిన అవసరమే రాలేదు. ఈ సంగతి నాకు చాలా నచ్చింది. దీనికైన ఖర్చు స్క్రూలకు ఆరు రూపాయలు.

గుర్తు గీయడానికి కత్తి: విరిగిన హాక్సా బ్లేడును సానరాయి మీద ఏటవాలుగా అరగదీశాను. మాటిమాటికీ నీళ్ళలో ముంచాలి. అంచు నీలం రంగుకు తిరిగితే పదును నిలవదు. పిడికి సైకిలు ట్యూబు ముక్క చుట్టాను. పెన్సిలు గీత కంటే ఇది సన్నగా పడుతుంది, రంపం పళ్ళు కూడా ఆ గాడిలో కుదురుకుంటాయి.

జూన్ 21, శనివారం

లోకల్ రైలెక్కి పారిస్ కార్నర్ వెళ్ళాను. సెంబుదాస్ వీధిలో పైపులు, ఇనుప సామాను. ఒక అంగుళం జీఐ (జింకు పూత ఇనుప) పైపు మూడడుగులు, ఒక చివర మర కోయించుకుని, దానికి సరిపోయే ఫ్లాంజి, అంటే పైపును పలకకు బిగించే బిళ్ళ. అంగుళం పైపు అంటే లోపలి కొలత. బయట కొలిస్తే దాదాపు 34 మి.మీ. ఉంటుంది. ఈ తేడా తెలియక ప్లైవుడ్‌లో 25 మి.మీ. రంధ్రం చేసుకుని కూర్చుంటే పని వృథా.

బోల్టు దగ్గరే దెబ్బ తిన్నాను. కెమెరా కింద ట్రైపాడ్ బిగించే మర పావు అంగుళం, అంగుళానికి 20 చుట్లు. మన వడ్రంగుల భాషలో రెండు నూళ్ళ బోల్టు. ఇక్కడి తమిళ మేస్త్రీలు కూడా నూలు అనే అంటారు, ఎనిమిది నూళ్ళు ఒక అంగుళం. ఒక కొట్లో అడిగితే ఇచ్చారు, తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి కెమెరాకు పెడితే ఒకటిన్నర చుట్టు తిరిగి బిగుసుకుంది. ఇంకాస్త బలంగా తిప్పబోయి ఆగాను. ఆగి ఉండకపోతే కెమెరా మర చెడిపోయేది.

బోల్టును స్కేలు పక్కన పెట్టి భూతద్దంలో చుట్లు లెక్కపెట్టాను. అర అంగుళంలో పది ఉండాలి. పన్నెండున్నర పైన వచ్చాయి. అది 6 మి.మీ. మెట్రిక్ బోల్టు. లావు చూస్తే 6 మి.మీ.కీ 6.35 మి.మీ.కీ తేడా చేతికి తెలియదు. మర మాత్రం వేరు, దానికి చుట్టుకు చుట్టుకు మధ్య 1 మి.మీ., కెమెరాకు 1.27 మి.మీ. ఈ రెండూ కలవవు. ఇలాంటి పని చేసేవాళ్ళు ఎవరైనా సరే, బోల్టు కొనేటప్పుడు కొట్లోనే స్కేలు పెట్టి చుట్లు లెక్కపెట్టండి. అర నిమిషం పని.

(మర్నాడు చేర్చింది) వేరే కొట్లో సరైనది దొరికింది. ఇంకో జాగ్రత్త: చెక్క దాటి పైకి వచ్చే బోల్టు మొన నాలుగున్నర మిల్లీమీటర్లకు మించకూడదు. మించితే కెమెరా అడుగున గుచ్చుకుంటుంది. నేను వాషర్లు పేర్చి, పైన సైకిలు ట్యూబు ముక్క వేసి ఆ కొలతకు తెచ్చాను.

జూన్ 29, ఆదివారం

స్టాండు నిలబడింది. అడుగు పలక 18 మి.మీ. ప్లైవుడ్, 45 సెం.మీ. పొడవు, 40 వెడల్పు. వీధి చివర వడ్రంగి మేస్త్రీ దగ్గర మిగిలిన ముక్క, 150 రూపాయలకు ఇచ్చాడు. ఫ్లాంజిని నాలుగు బోల్టులతో బిగించాను. కడ్డీ మీద పైకీ కిందికీ జరిగే భాగం కోసం రెండు ప్లైవుడ్ ముక్కలు ఫెవికాల్‌తో అతికించి, 35 మి.మీ. హోల్ సా (డ్రిల్‌కు తగిలించే గుండ్రటి రంపం) తో రంధ్రం చేసి, రంధ్రం నుంచి అంచు దాకా రంపంతో ఒక చీలిక కోశాను. ఆ చీలికకు అడ్డంగా పొడవాటి బోల్టు, వింగ్ నట్. నట్ బిగిస్తే చీలిక మూసుకుని చెక్క కడ్డీని గట్టిగా పట్టుకుంటుంది, వదులు చేస్తే జారుతుంది.

అతికించేటప్పుడు పట్టుకోవడానికి నా దగ్గర క్లాంపులు లేవు. ప్లంబర్లు పారేసిన నాలుగంగుళాల పీవీసీ పైపు తునక నుంచి అంగుళం వెడల్పు రింగులు ఎనిమిది కోసి, ఒక్కోదానికి ఒక చీలిక పెట్టాను. రింగును చేత్తో విప్పి చెక్క మీదకు ఎక్కిస్తే స్ప్రింగులా పట్టుకుంటుంది. ఎనిమిదీ కలిసి ఫెవికాల్ ఆరేదాకా బిగుతుగా పట్టుకున్నాయి. మిద్దె మీద నాన్న వాటిని చూసి, తడిసిన ప్రింట్లను డార్క్ రూములో తీగకు తగిలించిన బట్టల క్లిప్పులు గుర్తొచ్చాయన్నాడు.

జూలై 6, ఆదివారం

కెమెరా బిగించాను. చూడటానికి తిన్నగా కిందికి చూస్తున్నట్టే ఉంది. కానీ చూపుకు తిన్నగా ఉండటం ఈ పనికి చాలదు. సెన్సరు, నెగెటివ్ ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే ఒక అంచు స్పష్టంగా, ఇంకో అంచు మసకగా వస్తుంది. రసమట్టం కెమెరా వెనక పెట్టి చూడొచ్చు గానీ, కెమెరా తెర నిజంగా సెన్సరుకు సమాంతరంగా ఉందని ఎవరు చెప్పాలి?

దీనికి అద్దం పరీక్ష ఉంది. చేతిసంచీలో పెట్టుకునే చిన్న అద్దాన్ని నెగెటివ్ ఉండాల్సిన చోట పడుకోబెట్టాలి. కెమెరాలోంచి చూస్తే లెన్సు తన నీడను తానే చూసుకుంటుంది. ఆ నీడలో లెన్సు నడిమధ్య సరిగ్గా ఫ్రేము నడిమధ్యకు వస్తే కెమెరా అద్దానికి నిటారుగా ఉన్నట్టు. పక్కకు పోతే కెమెరా ఒంపుగా ఉన్నట్టు.

నేను చూసినప్పుడు లెన్సు వలయం బాగా ఎడమకు జరిగి ఉంది. అద్దం 23 సెం.మీ. కింద ఉంది కాబట్టి నీడ 46 సెం.మీ. దూరంలో ఉన్నట్టు లెక్క. అంత దూరంలో 8 మి.మీ. జరిగితే ఒక డిగ్రీ. నాది దాదాపు 20 మి.మీ. జరిగింది, అంటే రెండున్నర డిగ్రీలు. వినడానికి చిన్నదే. కానీ 56 మి.మీ. నెగెటివ్‌కు ఈ చివరకీ ఆ చివరకీ దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తు తేడా వస్తుంది.

కారణం, కెమెరా బరువుకు చెక్క చేయి ముందుకు వంగుతోంది. చేయికీ కెమెరాకీ మధ్య పేకముక్కలు ఒక్కొక్కటే పెడుతూ అద్దంలో చూశాను. ఒకటి, రెండు, మూడు. మూడో ముక్కకు లెన్సు లోపలి నల్లటి చుక్క నెమ్మదిగా ఫ్రేము మధ్యలోని గుర్తు వెనక్కి జరిగి, గుర్తు చుట్టూ వలయాలు ఒకదానిలో ఒకటి ఒదిగిపోయాయి. కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. నాన్నను పిలిచి చూపిస్తే వ్యూఫైండరుకు కన్ను ఆనించి, "సెంటరయింది, కదిలించొద్దు" అన్నాడు.

జూలై 13, ఆదివారం

స్టాండు పని ఆపి నిల్వ సంగతి చూశాను. మొదట అనుకున్నది, నెగెటివ్‌లన్నీ గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచేద్దామని. అది తప్పు. వెనిగర్ వాసన పట్టిన రోళ్ళను గాలి ఆడకుండా మూసేస్తే వాటి ఆవిరి వాటినే తినేస్తుంది. కాబట్టి నాన్నా నేనూ కూర్చుని ఒక్కో రోలూ వాసన చూసి వేరు చేశాం. వాసన వచ్చినవి 31. వాటిని కొత్త కాగితం కవర్లలో పెట్టి, వేరే గదిలో, మూత లేని అట్టపెట్టెలో ఉంచాం. కాపీ తీయడంలో మొదటి వంతు వాటిదే.

గాలి చొరని డబ్బా లెన్సులకు పనికొచ్చింది. చెన్నై చెమ్మకు లెన్సు లోపల బూజు పట్టడం ఇక్కడ కెమెరా ఉన్న ప్రతి ఇంట్లో తెలిసిన కథే. బియ్యం దాచే పది కిలోల ప్లాస్టిక్ డబ్బా, రబ్బరు అంచు ఉన్నది తీసుకున్నాను. సిలికా జెల్‌లో నీలం నుంచి గులాబీకి మారే రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది ఆరోగ్యానికి మంచిది కాదు. నారింజ రంగు నుంచి ఆకుపచ్చకు మారే రకం తెచ్చాను. ఆకుపచ్చ అయ్యాక ఓవెన్‌లో 120 డిగ్రీలకు మించకుండా రెండు గంటలు పెడితే మళ్ళీ నారింజ అవుతుంది. అందుకు వాడే ట్రేను వంటకు వాడటం లేదు.

తేమ చూపే చిన్న మీటరు ఎలక్ట్రానిక్ సామాను దొరికే రిచీ స్ట్రీట్‌లో 180 రూపాయలకు తెచ్చాను. ఇంత చవకది నిజం చెప్తుందా? దానికీ ఇంట్లోనే పరీక్ష ఉంది, అది కూడా వంటింటి ఉప్పుతో. సీసా మూతలో ఉప్పు వేసి, కరిగిపోకుండా ముద్దగా తడిసేంత నీళ్ళు చుక్కలు చుక్కలుగా పోయాలి. ఆ మూతను, మీటరును కలిపి గట్టి జిప్ కవరులో పెట్టి రాత్రంతా వదిలేయాలి. తడి ఉప్పు మీద ఉన్న గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. అది ఉప్పు స్వభావం, మన గదుల వేడిలో పెద్దగా మారదు. పొద్దున చూస్తే నా మీటరు 69 చూపింది. ఆరు తక్కువ. మీటరు వెనక బిళ్ళ అతికించి "+6" అని రాశాను. డబ్బాలో ఇప్పుడు 41 చూపిస్తోంది, అంటే 47 చుట్టుపక్కల. లెన్సులకు 40 నుంచి 50 మధ్య బాగుంటుంది. మరీ ఎండగట్టినా మంచిది కాదు.

జూలై 20, ఆదివారం

వెలుతురు పలక కోసం సీలింగ్‌కు పెట్టే 12 వాట్ల చదరపు ఎల్ఈడీ ప్యానెల్ తీసుకున్నాను. దాని మీద పాలరంగు యాక్రిలిక్ షీటు. షీటుకూ నెగెటివ్‌కూ మధ్య 3 సెం.మీ. ఖాళీ ఉంచాను. అప్పుడు షీటు మీద దుమ్ము పడినా ఫోకస్‌లోకి రాదు.

మొదటి ఫోటోలో అడ్డంగా నల్లచారలు. ఎల్ఈడీ పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. పాడవలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక డ్రైవరు ఉన్న దీపం సెకనుకు వందసార్లు మినుకుతుంది. షట్టరు 1/500లో పెట్టాను కాబట్టి ఆ మినుకు సగంలో దొరికింది. 1/50, 1/25, 1/10 లాంటి వేగాల్లో పూర్తి మినుకులు పడతాయి, చారలుండవు. ఎపర్చర్ 8, ఐఎస్ఓ 100 దగ్గర నాకు ఎలాగూ 1/10 వస్తోంది. అయితే అంత నెమ్మది షట్టరుకు కదలిక పనికిరాదు. మా ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. గూడ్సు పోతుంటే కడ్డీ చివర సన్నగా వణుకుతుంది, చేయి పెడితే తెలుస్తుంది. రెండు సెకన్ల టైమరు, మిర్రర్ లాకప్ (కెమెరా లోపలి అద్దాన్ని ముందే పైకెత్తి ఉంచడం) పెట్టి, రైలు పోయేదాకా ఆగి తీస్తున్నాను. స్టాండు కింద నాలుగు మూలలా పాత చెప్పుల రబ్బరు అతికించాను, కొంత తగ్గింది.

జూలై 27, ఆదివారం

గొట్టం చేశాను. కెమెరా బాడీ మూత, లెన్సు వెనక మూత, రెండింటినీ మధ్యలో గుండ్రంగా కోసి, వాటి మధ్య పీవీసీ రింగు పెట్టి ఆరల్డైట్ జిగురుతో అతికించాను. ఒక రాత్రి ఆరనిచ్చి, ఆకురాయితో అంచులు నునుపు చేసి, ప్లాస్టిక్ పొడి ఒక్క రేణువు కూడా మిగలకుండా కడిగి ఆరబెట్టాకే కెమెరాకు పెట్టాను. కొలత 10.4 మి.మీ. వచ్చింది, సరిపోయింది.

బొమ్మ వచ్చింది, కానీ బాగాలేదు. నలుపులు నలుపుగా లేవు. ప్రతి ఫ్రేము నడుమ పల్చటి పొగ కమ్మినట్టుంది. నెగెటివ్ పాతది కాబట్టి అంతేనేమో అనుకున్నాను. లెన్సులో బూజేమోనని టార్చి వేసి చూశాను. శుభ్రంగా ఉంది. మూడు గంటలు పోయాయి.

నాన్న వచ్చి అడిగాడు. చెప్పాను. ఆయన చొక్కా జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి వెలుతురు పలక మధ్యలో పెట్టాడు. "డార్క్ రూములో ఎర్రలైటు మంచిదని అంగడోడు చెప్తే నమ్ముతామా? పేపరు మీద నాణెం పెట్టి, ఐదు నిమిషాలు ఆ లైటు కింద ఉంచి, డెవలప్ చేసేవాళ్ళం. నాణెం గుర్తు పడిందంటే లైటు పేపర్ని పొగలేపుతోందని. ఇక్కడ కూడా పెట్టి తీయి. నాణెం నల్లగా రావాల."

గది దీపాలార్పి తీశాను. వెలుతురు పలక తెల్లగా, నాణెం మధ్యలో బూడిద రంగులో. కంప్యూటర్లో చూస్తే 255లో 38 (సున్నా అంటే పూర్తి నలుపు, 255 అంటే పూర్తి తెలుపు). వెలుతురు ఏ మాత్రం తగలని చోట అంత రాకూడదు. అంటే తప్పు నెగెటివ్‌ది కాదు, లెన్సు తర్వాత ఎక్కడో వెలుతురు తుళ్ళుతోంది. గొట్టం తీసి కిటికీ వైపు పెట్టి లోపలికి చూశాను. పీవీసీ లోపలి గోడ అద్దంలా మెరుస్తోంది.

బ్లాక్‌బోర్డు పెయింటు వేసి మళ్ళీ నాణెం పెట్టాను. 17. టైలరు దగ్గర నల్ల వెల్వెట్ తునక తెచ్చి లోపల చుట్టూ అతికించాను. పెట్టె అంచుల నుంచి వచ్చే వెలుతురును కూడా నల్ల చార్టుతో కప్పి బొమ్మ మేరకే కిటికీ వదిలాను. నాణెం 5. నాన్న మూడు ఫోటోలు వరుసగా చూసుకున్నాడు. నాణేన్ని తిరిగి జేబులో వేసుకోబోతే వద్దన్నాను. అది ఇప్పుడు స్టాండు పలక మూలన టేపుతో అతికించి ఉంది, ప్రతి ఆదివారం పని మొదలెట్టే ముందు ఒకసారి పెట్టి చూస్తున్నాను.

ఆగస్టు 3, ఆదివారం

నెగెటివ్ పట్టుకునే చట్రం. 120 ఫిల్ము వెడల్పు దాదాపు 61 మి.మీ. మందపాటి మౌంటు అట్టలో 62 మి.మీ. గాడి, మధ్యలో 57 మి.మీ. కిటికీ, పైన అలాంటిదే ఇంకోటి. హాక్సా కత్తి ఇక్కడ బాగా పనికొచ్చింది. గాజు పెట్టలేదు, గాజు ఫిల్ముకు తగిలితే రంగురంగుల వలయాలు పడతాయి. ఫిల్ము వంకర తిరిగినవి మాత్రం ఇందులో సరిగ్గా చదునుగా ఉండటం లేదు, వాటి సంగతి ఇంకా తేలలేదు.

దుమ్ము ఊదడానికి మందుల షాపులో దొరికే రబ్బరు బల్బు సిరంజి. నోటితో ఊదకూడదు, తుంపరలు పడితే మరక పోదు. చేతులకు నూలు గ్లవ్స్. ఫిల్ము మెరిసే వైపు కిందికి, మసకగా ఉన్న వైపు కెమెరా వైపు. తర్వాత కంప్యూటర్లో ఎడమ కుడి తిప్పుకుంటే సరి. రా ఫైలు (కెమెరా మార్పులేమీ చేయని ఫైలు) తీసి, గింప్ అనే ఫోటో సాఫ్ట్‌వేర్‌లో రంగులు తలకిందులు చేస్తున్నాను.

ఇప్పటిదాకా ఖర్చు: పైపు, ఫ్లాంజి 390. ప్లైవుడ్ 150. బోల్టులు, నట్లు, వాషర్లు, పనికిరాకుండా పోయిన మొదటి బోల్టుతో కలిపి 75. ఎల్ఈడీ ప్యానెల్ 290, యాక్రిలిక్ 120. మూతలు, ఆరల్డైట్, పెయింటు 310. డబ్బా, జెల్, మీటరు 760. హోల్ సా 240. అంతా కలిపి 2,335 రూపాయలు. చిల్లర వేరే.

ఆగస్టు 10, ఆదివారం

వాసన పట్టిన రోళ్ళలో ఏడు అయ్యాయి, 84 బొమ్మలు. ఒక రోలుకు సర్దుకోవడంతో సహా పాతిక నిమిషాలు పడుతోంది. చేయి ఇంకా కొంచెం వంగుతూనే ఉంది, ప్రతి రెండు గంటలకూ అద్దం పెట్టి చూడాల్సి వస్తోంది. కింద నుంచి ఒక ఏటవాలు ఊత కొడితే ఆగుతుందని బాబాయి చెప్పారు, వచ్చే వారం.

సాయంత్రం నాన్న కూర్చుని పెద్ద తెర మీద చూశాడు. ఐదో రోలులో ఒక పెళ్ళికూతురు. బుగ్గల మీద, నుదుటి మీద చిన్న చిన్న గీతలు, దగ్గరికి చేస్తే మెత్తటి పెన్సిలు గీతల్లా. గీతలు పడ్డాయేమో, సాఫ్ట్‌వేర్‌లో తీసేద్దామా అని అడిగాను.

"గీతలు కావు. నేనే పెన్సిల్‌తో పూడ్చినా. ఆ అమ్మాయికి చిన్నప్పుడు అమ్మవారు పోసిన మచ్చలుండేవి. ప్రింటులో నల్లగా గుంటలు పడతాయి. నెగెటివ్ మీద పెన్సిలు పెడితే ఆ చోటు ప్రింటులో తెల్లబడి కలిసిపోద్ది. రాత్రి రెండింటి దాకా కూర్చున్నా దానికి."

"ఆమె అడిగిందా నాన్నా?"

"అడగలేదు. వాళ్ళ నాయన ఫోటో తీసుకోను వచ్చినప్పుడు చూసి ఏం మాట్లాడకుండా కళ్ళు తుడుచుకున్నాడు."

ప్రింటులో కనబడని గీతలు ఇంత దగ్గరగా తీస్తే కనబడుతున్నాయి. వాటిని తీయలేదు. ఫైలు అలాగే ఉంచి, పేరు మాత్రం మార్చాలని నాన్నను ఊరు అడిగాను. ఆయన కొత్త కాగితం కవరు తీసుకుని, మోకాలి మీద పెట్టుకుని, పెన్సిల్‌తో నెమ్మదిగా రాశాడు: మన్నారుపోలూరు, పెద్దమ్మాయి పెళ్ళి. తర్వాత ఆరో రోలు కవరు కూడా ఇమ్మన్నాడు.